అక్క కాలి కొలత

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా బావ అంటాడు. అది తప్పు. నా కోపం అరికాలి దగ్గర మొదలవుతుంది. నా అరికాలి దగ్గర కాదు, మా కొట్టుకి వచ్చేవాళ్ళ అరికాళ్ళ దగ్గర.

పదకొండేళ్ళుగా నేను చేసే పని ఒకటే, నీళ్ళలోకి దిగేవాళ్ళకి ఫిన్స్, అంటే కాళ్ళకి తొడుక్కునే రబ్బరు ఈతరెక్కలు, ఎంచి ఇవ్వడం. నీటి మీద బోర్లా తేలుతూ, గొట్టంతో గాలి పీలుస్తూ, అడుగున చేపల్ని చూసేవాళ్ళకి ఒక రకం. వీపుకి సిలిండరు కట్టుకుని లోతుకు దిగే స్కూబా వాళ్ళకి ఇంకో రకం. కొట్టు మా బావది. గల్లాపెట్టె దగ్గర నిలబడేది మా అక్క. వెనక గదిలో, రబ్బరు వాసనలో, ముక్కాలిపీట మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ ఒళ్ళో పెట్టుకునేది నేను.

నూటికి తొంభైమంది రంగు చూసి అడుగుతారు. "ఆ నీలంవి బాగున్నాయి, అవివ్వండి" అంటారు. "కాలికా, ఫోటోకా?" అంటాను. మిగతా పదిమంది చెప్పుల సైజు చెప్పి చెయ్యి చాపుతారు. వాళ్ళని చూస్తే మరీ ఒళ్ళు మండుతుంది. చెప్పు జారితే రోడ్డు పక్కన ఆగి తొడుక్కుంటారు. ఒడ్డుకి అర కిలోమీటరు దూరంలో ఫిన్ జారితే ఏ గోడ పట్టుకుని ఆగుతారు?

మా నాన్నకి బూట్ల కొట్టు ఉండేది. మనిషి మొహమాటానికి అబద్ధం చెబుతాడు గానీ కాలు చెప్పదనేవాడు. ఆ మాట పట్టుకునే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా సరే ముందు కాళ్ళు నీళ్ళ తొట్టిలో పెట్టాలి. పొడి కాలికి నేను కొలత తియ్యను. ఫిన్ తొడిగాక వేళ్ళు ఆడించమంటాను, ఆడకపోతే చిన్నది. మడమ ఎత్తమంటాను, లోపల లేస్తే పెద్దది. ఆ తర్వాత బల్ల మీద బోర్లా పడుకుని, మోకాలు మడవకుండా, తుంటి దగ్గర్నుంచి యాభైసార్లు కాళ్ళు ఆడించాలి. ఫిన్ ముందుండే పలక మరీ బిరుసైతే ముప్పై దాటేసరికి పిక్క బిగుస్తుంది, ముఖం మారుతుంది. నేను కాలు ఒక కంట, ముఖం ఒక కంట చూస్తుంటాను. కొందరు ఇదేం సర్కసని నవ్వుతారు. నవ్వినవాళ్ళకి యాభై కాదు, వంద.

ఇలాంటి నాకు, మా బావ నాలుగు నెలల కిందట పొడుగాటి నీలం ఫిన్స్ ఇరవై జతలు తెచ్చి గుమ్మంలో తోరణంలా వేలాడదీశాడు. మోకాలి ఎత్తు పలక, బల్లచెక్కలా బిరుసు, మడమ దగ్గర పట్టీ. పోటీల్లో ఈదేవాళ్ళు వాడతారట.

"పొడుగుంటే వేగం మిరపకాయ్, ఆ మాత్రం తెలీదా?" అన్నాడు. మిరపకాయ అంటే నేనే.

"సైకిలుకి లారీ చక్రం బిగిస్తే లారీ అవుతుందా బావా? దాన్ని తొక్కేది మన కాలేగా! ఆ పలకని తిప్పడానికి ఎంత పిక్క కావాలో తెలుసా నీకు?"

"అబ్బ, కొట్టుకి వచ్చినవాళ్ళు కూడా వింటున్నారు, కాస్త మెల్లగా" అన్నాడు. నేను మెల్లగా అనడం ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఇక మా అక్క. పంతొమ్మిదేళ్ళు గల్లాపెట్టె వెనక నిలబడి, పడవలెక్కి వెళ్ళేవాళ్ళకి చీటీలు రాసి ఇచ్చింది. నలభై మూడో ఏట ఒకరోజు ఉన్నట్టుండి ఈత నేర్చుకుంటానంది. నేర్చుకుంది. ఇప్పుడు మనుషుల్ని తీసుకెళ్ళి పగడాల దిబ్బ చూపించే గైడు అవుతానంటోంది. దానికి లైసెన్సు పరీక్ష ఉంటుంది. ఫిన్స్ కట్టుకుని రేవు నుంచి, గుర్తుగా నీళ్ళలో తేలేసిన పసుపు బుంగ దాకా వెళ్ళి తిరిగి రావాలి. ఎనిమిది వందల మీటర్లు, పద్దెనిమిది నిమిషాలు. పరీక్ష ఏడాదికి ఒక్కరోజే. నలభై ఏడు నిండాక కొత్తగా లైసెన్సు ఇవ్వరు. అక్కకి వచ్చే నెలలో నలభై ఏడు నిండుతాయి. అంటే ఈసారి పోతే ఇక జన్మంతా చీటీలే.

అందుకే అక్క ఫిన్స్ నేనే ఎంచాను. మెత్తటి పలక, మడమ మూసి ఉండే రకం, ముప్పై ఎనిమిదో సైజు. కొట్టులో ఉన్నవాటిలో మేలిమి జత. బీరువాలోంచి తీసి తన చేతిలో పెట్టాను. బావ పక్కనే ఉన్నాడు.

"మిరపకాయ్, మీ అక్క కాలికి అవి..." అని ఏదో మొదలుపెట్టాడు.

"బావా, కాళ్ళ గురించి నాకు చెప్పకు. నువ్వు రంగులు చూసుకో" అన్నాను. అక్క నవ్వింది. బావ నోరు మూసుకున్నాడు.

మూడు నెలలు అక్క తెల్లారకముందే వెళ్ళి సాధన చేసింది. రోజూ కొట్టు తెరిచేటప్పుడు "ఎలా ఉన్నాయే?" అని అడిగేదాన్ని. "బాగున్నాయి" అనేది. నా ఎంపిక బాగోకపోవడమేమిటని నేనూ మురిసిపోయేదాన్ని.

పరీక్ష రోజు పొద్దున ఎనిమిది మంది గుంపొకటి వచ్చి పడింది. ఒకాయన కాలు తొట్టిలో పెట్టనని మొండికేశాడు. ఆయనతో వాదించి, పెట్టించి, నేను రేవు చేరేసరికి అక్క అప్పటికే బుంగ దగ్గరుంది. పరీక్ష పెట్టే మేడమ్ మెడలో ఈల, చేతిలో గడియారంతో నిలబడి ఉంది. "బాగానే వెళ్తోంది" అంది నన్ను చూసి. గట్టు మీద ఇంకో నలుగురైదుగురు ఉన్నారు.

అక్క బుంగ చుట్టూ తిరిగింది. నాలుగు బారలు వచ్చింది. అంతే, ఆగిపోయింది. చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి అర్థం మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. కాపలా పడవ బయల్దేరింది.

పడవలో వెనక్కి తెచ్చారు. కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయి, పళ్ళు కరుచుకుని కూర్చుంది. కాళ్ళకి చూద్దును కదా, నీలం ఫిన్స్! మోకాలెత్తు నీలం ఫిన్స్!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కని ఎలా ఉందని కూడా అడగలేదు. ఆ ఫిన్స్ పట్టీలు లాగి, రెండూ చంకలో పెట్టుకుని, వీధి వెంట పరిగెత్తినట్టే నడిచాను. మేడమ్ వెనక నుంచి ఏదో అంటోంది. వినలేదు.

బావ కొట్టులో నిచ్చెనెక్కి ఏదో మేకు కొడుతున్నాడు. కింద ఇద్దరు మొగుడూ పెళ్ళాలు ఈత కళ్ళద్దాలు చూసుకుంటున్నారు. నేను ఫిన్స్‌ని నిచ్చెన మొదట్లోకి విసిరాను. ఒకటి వెళ్ళి కళ్ళద్దాల స్టాండుకి తగిలింది. స్టాండు మొత్తం కూలింది.

"దిగు! దిగు ముందు!" అన్నాను. "సరుకు చూపించుకోవడానికి పెళ్ళాం కాళ్ళే దొరికాయా నీకు? రేవులో అందరూ చూడాలి, అంతేనా? నీలం రంగు మెరవాలి! అది బుంగ దగ్గర ఆగిపోయింది. పిక్క పట్టేసి పడవలో తెచ్చారు, తెలుసా?"

బావ ముఖం తెల్లబోయింది. "ఎలా ఉంది? ఎక్కడుంది?" అంటూ దిగబోయాడు.

"ఇప్పుడు గుర్తొచ్చిందా? నేనిచ్చినవి తీసేసి ఇవి ఎందుకు తగిలించావు? మూడు నెలల కష్టం బావా! దాని బతుకులో అది అడిగింది ఇదొక్కటి!"

"నేను ఇవ్వలేదు."

"మరి ఎవరిచ్చారు, సముద్రం ఇచ్చిందా?"

ఆ మొగుడూ పెళ్ళాలు గోడ పక్కగా జరిగి జరిగి బయటపడ్డారు. నేను ఇంకా చాలా అన్నాను. మా నాన్న బూట్ల కొట్టుకి బావ మొదటిసారి వంకర నడకతో వచ్చిన నాటి సంగతుల దాకా తవ్వాను. బావ మాత్రం మీ అక్కని అడుగు, మీ అక్కని అడుగు అని రెండుసార్లు అన్నాడు. అడిగేదుంటే కదా. నాకన్నీ తెలిసిపోయాయి.

"ఆయన ఇవ్వలేదు."

గుమ్మంలో అక్క. చెప్పులు చేత్తో పట్టుకుని, కుంటుతూ, తడిబట్టలతోనే వచ్చింది. "నేనే తీసుకున్నా. పొద్దున ఆయన లేవకముందు తాళంచెవి పట్టుకొచ్చి తీసుకున్నా. ఇక చాలు, ఆపు."

ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు బావ మీద పడ్డానని అప్పుడు అర్థమైంది. కానీ కోపమేమీ తగ్గలేదు. దానికి మనిషి మారిందంతే. అక్కని వెనక గదిలోకి తీసుకెళ్ళి ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాను.

"నేనిచ్చినవి ఏమయ్యాయి?"

అక్క కాలు ఎత్తి నా ఒళ్ళో పెట్టింది.

పదకొండేళ్ళలో కొన్ని వేల కాళ్ళు చూశాను. ఈ కాలు చూడలేదు. పాదం వెడల్పుగా పరుచుకుపోయింది. బొటనవేలి పక్క ఎముక గుండ్రంగా పొడుచుకొచ్చింది. మధ్య వంపు నేలకి అంటిపోయింది. చిటికెన వేలి మీద తోలు ఊడి, మానుతూ మళ్ళీ ఊడి, ఎర్రగా ఉంది. మడమ మీద రెండు బొబ్బలు. ఇది ముప్పై ఎనిమిదో సైజు కాలు కాదు. పెళ్ళికి ముందు ఎప్పుడో అయ్యుండొచ్చు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే జత బూట్లు వంతులవారీగా తొడుక్కున్నాం కదా, అదే కాలు నా బుర్రలో అలాగే ఉండిపోయింది. ముక్కూ ముఖం తెలియనివాళ్ళ కాళ్ళు తొట్టిలో ముంచి, బల్లమీద పడుకోబెట్టి, వందసార్లు ఆడించిన నేను, అయిదడుగుల దూరంలో పదకొండేళ్ళు నిలబడ్డ కాళ్ళని ఒక్కసారి తొట్టిలో పెట్టించలేదు.

"మూడు నెలలు నేనిచ్చినవాటితోనే ఈదావా?"

"ఊఁ. నిన్న చిటికెన వేలు మరీ వాచింది. పొద్దున దూర్చబోతే దూరలేదు. నీలంవైతే పట్టీ వదులు చేసుకోవచ్చని..."

"రోజూ అడిగాను కదే! రోజూ! ఎందుకు చెప్పలేదు?" గది అదిరేలా అరిచాను.

అక్క నా ముఖంలోకి చూసింది. తనకి కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు చూశాను. అరుపేమీ లేదు. గొంతు ఇంకా తగ్గింది.

"ఇదిగో, ఇందుకే" అంది.

ఒళ్ళో ఉన్న పాదాన్ని మెల్లగా కింద పెట్టాను.

"మొదటి వారమే చెబుదామనుకున్నా" అంది. "ఆ రోజు ఎవరో కుర్చీలో కూర్చుని బిగుతుగా ఉన్నాయంటే, ఆవిడ మీద ఎంత ఎగిరావు! 'పదకొండేళ్ళుగా చేస్తున్నా, నాకు చెబుతారా' అన్నావు. ఆయన చెప్పబోతే నోరు మూయించావు. ఇక నేనేం చెప్పను? బాగున్నాయంటే నీ ముఖం వెలిగేది. పోనీలే, వేలే కదా అనుకున్నా. నీ అరుపుల కంటే వేలు నయమనిపించింది. ఇప్పుడు పరీక్ష కూడా పోయింది, సంతోషమేనా?"

నేను లేచి గదిలో అటూ ఇటూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఇంతకాలం ఎవరి మీద అరిచినా సుఖంగా ఉండేది. ఇప్పుడు అరవడానికి నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

బావ తలుపు దగ్గరికి వచ్చాడు. "మేడమ్ మనిషిని పంపింది" అన్నాడు. "తప్పినవాళ్ళకి ఇవాళే ఇంకో అవకాశం ఉందట. నాలుగింటికి. పిక్క సర్దుకుంటేనే."

అక్క పిక్క ఒత్తుకుంటూ తలెత్తింది. "సర్దుకుంటుంది" అంది.

చేతిలో నాలుగు గంటలున్నాయి. తొట్టి నింపాను. అక్క పాదాలు అందులో పెట్టాను. గోరువెచ్చని నీళ్ళు, పుండు మండకుండా. ఉన్న ఫిన్స్ అన్నీ కుప్పపోశాను. ఒక జత తొడిగాను. "ఎలా ఉంది?"

"బాగుంది."

ఇంకోటి తొడిగాను. "ఇది?"

"ఇదీ బాగానే ఉంది."

"నిజం చెప్పవే!" అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను. అక్క భుజాలు బిగుసుకున్నాయి. వేళ్ళు ఆడించమంటే ఆడటం లేదు గానీ ఆడుతున్నట్టు నటిస్తోంది. బల్ల మీద పడుకోబెట్టినా లాభం లేదు, ముఖం నాకు కనపడకుండా అటు తిప్పుకుంది. నా పద్ధతంతా ముఖం చూడటం మీదే ఉంది. నా ఎదురుగా మా అక్క ముఖంలో నొప్పి కనపడనే కనపడదు.

అప్పుడు చేసిన పని నా జన్మలో చెయ్యలేదు. బయటికెళ్ళి బావ ముందు నిలబడ్డాను. "నాతో చెప్పదు. నువ్వు అడుగు" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవీ కోపంవే.

బావ ఒక్క ఎత్తిపొడుపు కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. "రెండేళ్ళుగా నా చెప్పులు వేసుకుంటోంది మీ అక్క" అన్నాడు లోపలికెళ్తూ. "ఆ రోజు నీకు చెబుదామనుకున్నది అదే."

తలుపు వెనక నేను, లోపల వాళ్ళిద్దరూ. నేను సందులోంచి ఒక్కో జత అందించడం, బావ తొడగడం.

"బొటనవేలి పక్క నొక్కుతోందట" అని లోపలినుంచి బావ.

"అయితే మూసినవి వద్దు. పట్టీవి. ముందు ఫిన్ లోపలికి మెత్తటి రబ్బరు బూటు తొడుగు, పెద్దది. నలభై."

"బూటు హాయిగా ఉందట. ఫిన్ మాత్రం బరువుగా ఉందంటోంది."

"పలక పొట్టిది చూద్దాం. ఆగు."

అట్టడుగున అద్దెకిచ్చే పాత నల్ల జత దొరికింది. రంగు వెలిసిపోయి బూడిదలా ఉంది. పొట్టి పలక, వాడి వాడి సాగిన రబ్బరు. వీటిని పారేద్దామని బావ, పారేస్తే ఊరుకోనని నేను, అయిదేళ్ళుగా పోట్లాడుకుంటున్నాం. అందించాను. తర్వాత బల్ల మీద కాళ్ళు ఆడిన చప్పుడు. బావ లెక్కపెడుతున్నాడు. ముప్పై దాటింది. నలభై దాటింది. యాభై అయ్యాక అక్క నవ్వు వినిపించింది.

"ఇవేనట" అన్నాడు బావ. "ఎడమ పట్టీ ఒక్క గాడి బిగించమంటోంది. నువ్వు బిగిస్తావా, నన్ను బిగించమంటావా?"

"నువ్వే బిగించు" అన్నాను.

నాలుగింటికి అక్క నీళ్ళలోకి దిగింది. మడమకీ చిటికెన వేలికీ గుడ్డ చుట్టి, ఆ వికారపు బూడిదరంగు ఫిన్స్‌తో. మేడమ్ ఈల ఊదింది. నీలం ఫిన్స్‌లా నీళ్ళు ఎగజిమ్మలేదు. చిన్న చిన్న ఆడింపులు, ఒకే వేగం. బుంగ దాకా బాగానే వెళ్ళింది. తిరిగేటప్పుడు అలసిపోయి మోకాళ్ళు మడవడం మొదలుపెట్టింది. సైకిలు తొక్కినట్టు తొక్కుతోంది. తుంటి, తుంటి దగ్గర్నుంచి అని అరవడానికి ఛాతీ నిండా గాలి పీల్చాను. బావ నా వైపు చూశాడు. ఆ గాలి అలాగే దిగమింగాను. అంత కష్టమైన పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. నాలుగైదు తొక్కుళ్ళ తర్వాత అక్క తనంతట తానే కాళ్ళు చాపుకుంది.

పదిహేడు నిమిషాల నలభై సెకన్లు. మేడమ్ గడియారం మాకు చూపించి, కాగితం మీద సంతకం పెట్టి, "రేపటి నుంచి ఈవిడకి చీటీ ఇంకెవరైనా రాయాలి" అంది. బావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్క రేవు మెట్ల మీద కూలబడి, ఫిన్స్ విప్పి, బూట్లు లాగి, కాళ్ళు చాపింది. చిటికెన వేలి దగ్గర గుడ్డ తడిసి ఎర్రగా ఉంది. నేను ఒక మెట్టు కింద కూర్చుని ఆ పాదం ఒళ్ళోకి తీసుకున్నాను.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను.

అరుస్తానా లేదా అని అక్క నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నేను కదలకుండా కూర్చున్నాను.

"ఉంది" అంది అక్క. "చాలా నొప్పిగా ఉందే."